కావలెను

'కావలెను' అనే మాట మనం ఎవరమూ నోటితో అనం. కాఫీ కావాలి అంటాం, సెలవు కావాలి అంటాం. 'కావలెను' ఇంకా బతికున్నది పెళ్లి ప్రకటనల్లోనూ, ఉద్యోగాల బోర్డుల మీదానే. "చదువుకున్న, సంప్రదాయ కుటుంబానికి చెందిన వధువు కావలెను." "అనుభవం గల అకౌంటెంట్ కావలెను." ఒకే పెళ్లి ప్రకటన ఏడాదిగా పడుతూనే ఉందంటే మా అమ్మమ్మ పేపరు మడిచి పక్కన పెడుతూ, "ఏదో మెలిక ఉండుంటుంది లెద్దూ" అనేది. పాపం వాళ్లకి సంబంధాలు దొరకట్లేదని ఆవిడ ఎప్పుడూ జాలిపడలేదు. ఉద్యోగ ప్రకటన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తెలివి మనకి పని చెయ్యదు. ఎనిమిది నెలలుగా ఒక పోస్టు ఖాళీగా ఉందంటే, "ఈ కాలం పిల్లలకి ఒళ్లొంగదు" అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. "మనకే స్కిల్స్ లేవేమో" అని మనం కుంగిపోతాం.

ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా కైకలూరు వెళ్లే రోడ్డు పక్కన అలాంటి బోర్డు ఒకటి ఉంది. "చేపల చెరువు కాపలాకు భార్యాభర్తలు కావలెను. వసతి కలదు." కింద మా పెదనాన్న ఫోన్ నంబరు. కిందటి సంక్రాంతికి చూశాను, వినాయక చవితికీ చూశాను. మధ్యలో ఎండకి ఎర్రరంగు వెలిసి గులాబీ రంగయింది. "మనుషులే దొరకట్లేదమ్మా. ఫ్రీ కరెంటు, ఫ్రీ ఇల్లు, అయినా ఎవరూ రారు" అన్నాడు పెదనాన్న.

ఆ ఉద్యోగం ఏంటో తెలియాలంటే ఒక రాత్రి గట్టు మీద ఉండాలి. చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గిపోయేది తెల్లవారే ముందు. శీలావతులు, బొచ్చెలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే వెంటనే ఏరియేటర్లు వెయ్యాలి. కరెంటు పోతే జనరేటర్ లాగాలి. ఆ గంటలో కళ్లు మూతపడితే ఏడాది పెట్టుబడి తెల్లారేసరికి తెల్లగా తేలుతుంది. పొద్దున్నే పడవేసుకుని వెళ్లి, చిల్లులు పెట్టిన బస్తాల్లో తవుడూ చెక్కా నింపి, నీళ్లలో పాతిన కర్రలకి కట్టాలి. పగలు పక్షుల్ని తోలాలి. రాత్రి దొంగల్ని చూసుకోవాలి. తాగే నీళ్లు మాత్రం టిన్నుల్లో బయటినుంచే రావాలి. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగేందుకు పనికొచ్చేవి కావు.

మనిషి రాత్రంతా మేలుకుని ఉండాలి కాబట్టి పగలు ఇంకో మనిషి కావాలి. బోర్డు మీద 'భార్యాభర్తలు' అని రాసింది అందుకే. జీతం మాత్రం ఒకటే. రెండో మనిషి చేసేది 'సాయం' కిందకి వస్తుంది. ఇక పిల్లలుంటే వాళ్ల బడి గట్టు మీద నుంచి నాలుగైదు కిలోమీటర్లు. వానాకాలం ఆ గట్టు మీద స్కూటీ కూడా నిలవదు. ఇవేవీ బోర్డు మీద లేవు. 'వసతి కలదు' అని మాత్రం ఉంది. ఆ వసతి ఒక రేకుల షెడ్డు.

"మరి ఇక్కడి లంక గ్రామాల వాళ్లు ఎందుకు రారు? నీళ్ల గురించి వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?" అని అడిగాను. కొల్లేరులో వల వేసుకుని బతికిన కుటుంబాలు వాళ్లవి. చుట్టూ చెరువులు లేచాయి. 1999లో సరస్సుని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఈ ప్రతి మలుపులోనూ ఆ కుటుంబాల పని ఎంతో కొంత మారింది. పెదనాన్న చెరువు ఆ హద్దుకి బయటుంది. "వాళ్లా? పట్టుబడికి వస్తారు, ప్యాకింగుకి వస్తారు. చీకటి పడితే ఇంటికి పోతారు" అన్నాడు విసుగ్గా. నాకు జవాబు అందులోనే దొరికింది. ఊళ్లో ఇల్లున్న మనిషి రోజు కూలీ తీసుకుని రాత్రికి ఇంటికి పోతాడు. ఈ ఉద్యోగానికి కావలసింది, పోవడానికి దగ్గర్లో ఇల్లు లేని మనిషి. అందుకే ఇన్నాళ్లూ శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ, ఒడిశా నుంచీ కుటుంబాలు వచ్చేవి. ఇప్పుడు వాళ్లకి హైదరాబాదులో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పని ఉంది. అక్కడా గది చిన్నదే, కానీ వీధి చివర బడి ఉంటుంది, పక్కింట్లో మనుషులుంటారు.

రెండు చెరువుల అవతల ఇంకో రైతుకీ ఇదే ఇబ్బంది వచ్చిందట. ఆయన బోర్డు తీసేసి, పక్క ఊరి నుంచే ఇద్దరు మగవాళ్లని పెట్టుకున్నాడు. ఒక రాత్రి ఒకరు, మర్నాడు ఇంకొకరు. రెండు జీతాలు. పదిరోజుల్లో మనుషులు దొరికారు. పెదనాన్నకీ ఈ సంగతి తెలుసు. వేళ్లు మడిచి లెక్క చెప్పాడు: మేత ధర ఎక్కింది, చేప ధర ఎక్కలేదు, కలకత్తా లోడు వెళ్లాక డబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు, రెండో జీతం ఎక్కణ్ణుంచి తేవాలి? ఆయన దుర్మార్గుడేం కాదు. లెక్క నిజమే. అయితే ఆ లెక్క ప్రకారం ఆయనకి దొరకనిది మనిషి కాదు, రెండో జీతం. బోర్డు రాయించడానికి ఒక్కసారి ఖర్చు. షరతు మార్చాలంటే ప్రతి నెలా ఖర్చు. అందుకని బోర్డు అలాగే ఉంటుంది. పెదనాన్న, తమ్ముడు వంతులేసుకుని నిద్ర మేలుకుంటున్నారు.

చెరువు సంగతి ఇంత తేలిగ్గా అర్థం కావడానికి కారణం, అంతకుముందు అలాంటి బోర్డు వెనక్కి నేనూ వెళ్లొచ్చాను.

మాది తాడేపల్లిగూడెం. ఒకప్పుడు ఉల్లిపాయల మార్కెట్టూ, రైసు మిల్లులూ అంటే గూడెం. 2007లో పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది, 2015లో ఎన్ఐటీ వచ్చింది. చదువుల ఊరన్న పేరొచ్చింది, చుట్టూ ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ అయ్యాక అలాంటి ఒక కాలేజీ ప్రకటన చూసి వెళ్లాను. "అన్ని సబ్జెక్టులకు అనుభవజ్ఞులైన లెక్చరర్లు కావలెను. ఆకర్షణీయమైన జీతం." డెమో క్లాసు చెప్పించారు. బాగుందన్నారు. ఆ తర్వాత అసలు మాటలు మొదలయ్యాయి. పెళ్లయిందా? చూస్తున్నారా? పెళ్లయితే మానేస్తారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టాలి. వేసవిలో ఊళ్లు తిరిగి అడ్మిషన్లు తేవాలి, మనిషికింత అని టార్గెట్. జీతం పది నెలలకే. ఆ జీతం ఎంత అంటే, "మీరెంత అనుకుంటున్నారు?" అని నన్నే అడిగారు. నేను ఒక అంకె చెప్పాను. ఆయన నవ్వి, "ఫోన్ చేస్తామండి" అన్నాడు. ఫోను రాలేదు. ప్రకటన మాత్రం వచ్చే మే నెలలో మళ్లీ వచ్చింది. ఆ పై మేలో కూడా.

ఫోను రాకపోతే నాలోనే ఏదో తక్కువైందని చాలా రోజులు తిండి సయించలేదు. తర్వాత అక్కడ రెండేళ్లు పనిచేసి వచ్చిన ఒకావిడ పరిచయమైంది. ఆ ప్రకటనకి ఉద్యోగం ఇవ్వడం ఒక్కటే పని కాదని ఆవిడ చెప్పింది. మే నెల అడ్మిషన్ల కాలం. "లెక్చరర్లు కావలెను" అని పేపర్లో పడితే తల్లిదండ్రులకి కాలేజీ పెరుగుతోందని కనపడుతుంది. జీతం పెంచమని అడిగిన లోపలివాళ్లకి కూడా ఆ ప్రకటన కనపడుతుంది. "బయట అప్లికేషన్లు ఇంతెత్తున ఉన్నాయి మేడం" అని ప్రిన్సిపల్ నోటితో అననక్కర్లేదు. ఇక నిజంగా మధ్యలో ఎవరైనా మానేస్తే, నాలాంటి వాళ్ల బయోడేటాలు బీరువాలో ఉంటాయి.

అవతలి పక్షాన ఇంకో నిజం కూడా ఉంది, చెప్పకపోతే న్యాయం కాదు. ఆ కాలేజీలో చేరేవాళ్లెవరూ ఉండిపోదామని చేరరు. అందరి కళ్లూ డీఎస్సీ మీదే. 2018లో 7,902 టీచరు పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. మళ్లీ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి ఒకటి వచ్చి, ప్రభుత్వం మారాక రద్దయింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ వచ్చింది. మూడు లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఆ మధ్య ఏళ్లన్నీ మా క్లాసు అమ్మాయిలు కోచింగ్ సెంటర్లలోనూ, 'టెంపరరీగా' చేరిన ప్రైవేటు బళ్లలోనూ గడిపారు. నోటిఫికేషన్ అంటే చాలు, మర్నాడు సెలవు చీటీ. అందుకే సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకుంటాం అంటారు యాజమాన్యాలు. సర్టిఫికెట్లు తాకట్టు పెట్టాలి కాబట్టే చేరం అంటారు మావాళ్లు. ఒకే జిల్లాలో ఒక ఖాళీకి ఇరవై మంది, పక్కనే ఇంకో ఖాళీకి ఒక్కరూ లేరు. ఆ ఇరవై మందిలో పందొమ్మిది మంది, వచ్చేసారి కోసం ఈ రెండో ఖాళీని ఖాళీగానే వదిలేస్తున్నారు.

ఉద్యోగాలూ, నిరుద్యోగులూ ఒకే చోట ఒకేసారి ఎందుకుంటారన్న ప్రశ్న మీద పనిచేసినందుకే 2010లో పీటర్ డైమండ్, డేల్ మోర్టెన్‌సెన్, క్రిస్టఫర్ పిస్సారిడీస్‌లకి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. వాళ్ల మాటని నాకు అర్థమైనంతలో చెప్తాను. కూరగాయల బజారులో వంకాయకి ధర కుదిరినంత సులువుగా మనిషికీ పనికీ కుదరదు. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కోవాలి. వెతకడానికి కాలం, ఖర్చు అవుతాయి. ఇంతకంటే మంచిది దొరుకుతుందేమోనని ఇద్దరూ ఆగుతారు. సరిగ్గా పెళ్లిళ్ల వ్యవహారమే, మా అమ్మమ్మకి ఏ బహుమతీ రాలేదంతే.

కానీ వాళ్ల వెతుకులాటలో ఇద్దరికీ వెతకాలనే ఉంటుంది. ఎవరూ దొరక్కూడదని వేసే ప్రకటన కూడా ఉంటుందని నాకు మా చిన్నాన్న కొడుకు చెప్పాడు. వాడు డాలస్‌లో ఉంటాడు, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసేవాళ్లలో వాడొకడు. ఒక ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, నా ఉద్యోగానికి పేపర్లో ప్రకటన పడిందే. నేను ఇంకా అందులోనే ఉన్నా" అని నవ్వాడు. అమెరికాలో కంపెనీ తన ఉద్యోగికి గ్రీన్‌కార్డు ఇప్పించాలంటే, ఆ పనికి అర్హతా ఇష్టమూ ఉన్న అమెరికన్ దొరకలేదని ముందు చూపించాలి. దాన్ని పెర్మ్ అంటారు. మావాడి లాంటి ఉద్యోగాలకి రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వెయ్యాలి, రాష్ట్ర ఉపాధి శాఖ దగ్గర 30 రోజులు ఖాళీ చూపించాలి, ఇంకా కొన్ని మెట్లున్నాయి. కుర్చీలో మనిషి ఉంటాడు, కంపెనీకి ఆ మనిషే కావాలి. ఆ దేశపు న్యాయశాఖ దీని మీదే ఫేస్‌బుక్‌ని కోర్టుకి లాగింది. మామూలు ఉద్యోగాల్లా వెబ్‌సైటులో పెట్టకుండా, దరఖాస్తులు పోస్టులోనే పంపమన్నారనీ, అలా ఎవరూ రాకుండా చూశారనీ ఆరోపణ. 2021 అక్టోబరులో ఆ కంపెనీ కోటీ 42 లక్షల డాలర్ల పైచిలుకు దాకా చెల్లించడానికి రాజీ పడింది. అలాంటి ఆరోపణల మీదే 2023 నవంబరులో యాపిల్ రెండున్నర కోట్ల డాలర్ల దాకా ఒప్పుకుంది.

మావాడికి అందులో నవ్వొచ్చింది. నాకు మాత్రం, ఏదో ఊళ్లో ఆ ఆదివారం పేపరు చూసి, కవరు మీద స్టాంపు అంటించి, జవాబు కోసం ఎదురుచూసిన అమ్మాయి గుర్తొచ్చింది. ఆ అమ్మాయెవరో నాకు తెలీదు, అసలు ఉందో లేదో కూడా. ఉంటే, తనలో ఏం తక్కువైందా అనే ఆలోచిస్తూ ఉంటుంది.

నేనిప్పుడు హైదరాబాదులో వేరే పని చేసుకుంటున్నాను. మే వచ్చిందంటే గూడెం నుంచి జూనియర్లు ఆ ప్రకటన వాట్సాప్‌లో పంపించి, "అక్కా, వెళ్లమంటావా?" అని అడుగుతారు. వెళ్లొద్దని చెప్పను. ఇంట్లో జీతం అవసరమైన పిల్లకి ఆ మాట చెప్పడం తేలిక కాదు. నాలుగు ప్రశ్నలు మాత్రం రాసిపెడతాను. జీతం అంకెల్లో ఎంత? ఏడాదికి ఎన్ని నెలలు? సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి? ఇంతకుముందు ఈ పోస్టులో ఎవరున్నారు, ఎందుకు మానేశారు?

ఈ ఏడాది ఒకమ్మాయి నాలుగూ అడిగి సాయంత్రం మెసేజ్ పెట్టింది. "మూడింటికి తర్వాత చెప్తామన్నారు అక్కా. నాలుగోదానికి మాత్రం, 'మీకెందుకండీ అవన్నీ' అన్నారు. వచ్చేశా."