కుక్కపిల్ల ఇంటికి వచ్చే ముందు

మా మనవడికి తొమ్మిదేళ్లు. ఈ వేసవి సెలవుల్లో వాడి కోరిక ఒక్కటే, ఇంట్లో కుక్కపిల్ల కావాలి. అందరూ ఒప్పుకున్నారు. నేను మాత్రం మూడు వారాల గడువు అడిగాను. "తాతయ్యకు కుక్కలంటే ఇష్టం లేదు" అని వాడు అలిగాడు. ఇష్టం లేక కాదు. అసలు కారణం వాడితో చెప్పలేకపోయాను. మీతో చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక రాత్రి, సరిగ్గా ఆ వయసు బాలుణ్ణి తల్లిదండ్రులు ఆసుపత్రికి తీసుకొచ్చారు. దాహమంటాడు. నీళ్ల గ్లాసు నోటి దగ్గరకు రాగానే గొంతు బిగుసుకుపోయి విలవిలలాడుతాడు. ఫ్యాను గాలి తగిలినా అంతే. "కుక్క కరిచిందా?" అని అడిగాను. "లేదయ్యా" అన్నాడు తండ్రి. తల్లి కాసేపు ఆలోచించి, "రెండు నెలల కిందట వీధిలోంచి ఓ పిల్లను తెచ్చుకున్నాడయ్యా. ఆడుకుంటుంటే వేలికి పన్ను గీసుకుంది. పసుపు అద్దాను. పసిగుడ్డు, దానికేం రోగం ఉంటుంది? నాలుగు రోజులకు అదే చచ్చిపోయింది" అంది. ఆ చివరి మాటతో నా సందేహం తీరిపోయింది. మరుసటి రాత్రి ఆ బిడ్డ కన్నుమూశాడు.

రేబీస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం నేటికీ అత్యంత అరుదు. అవి బయటపడక ముందైతే ఆ వ్యాధిని నివారించే మార్గం మన చేతిలోనే ఉంది. మనం వీధిలోని పెద్ద కుక్కకు భయపడతాము, ఒడిలోని పిల్లకు భయపడము. కానీ కుక్కపిల్లకు రేబీస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. అందాకా దానికి ఆ రక్షణ లేనట్టే భావించాలి.

అందుకే పిల్లను తెచ్చే ముందు తల్లికుక్కకు టీకాలు వేయించారో లేదో విచారించండి. కనీసం ఎనిమిది వారాలు నిండేవరకు తల్లి నుంచి విడదీయకండి. తోబుట్టువులతో ఆడుకుంటూనే అది ఎంత గట్టిగా కొరకకూడదో నేర్చుకుంటుంది. ఇంటికి తెచ్చిన తొలి రోజుల్లోనే పశువైద్యునికి చూపించి పార్వో వంటి వ్యాధులకు టీకాలు, ఏలికపాములకు మందు వేయించండి. తల్లి గర్భం నుంచి, పాల నుంచి పిల్లకు సంక్రమించే ఈ పురుగుల గుడ్లు మలంతో మట్టిలో చేరి, పిల్లల చేతుల ద్వారా కడుపులోకి వెళితే కాలేయానికి, కంటికి కూడా హాని చేయగలవు. కాబట్టి మలాన్ని ఏరోజుకారోజు తీసివేయాలి. పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించాలి. ఎలుకల మందు, మన పారాసిటమాల్ మాత్రలు, చాక్లెట్లు, ఉల్లిపాయలు, ఎండుద్రాక్ష దానికి అందకుండా ఉంచండి.

ఇక నేనడిగిన మూడు వారాల సంగతి. పిల్లల వైద్యుణ్ణి సంప్రదించి మనవడికి రేబీస్ ముందస్తు టీకా మూడు మోతాదులు వేయించాను: మొదటి రోజు, ఆ తర్వాత 7వ రోజు, 21వ రోజు. ఇది వేయించుకున్నా కాటు పడితే నిర్లక్ష్యం కూడదు. పన్ను గీరి చర్మం చిట్లినా కాటుగానే లెక్క. పసుపు, కారం, సున్నం పెట్టకండి. గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే వైద్యుణ్ణి కలవండి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు పొడిచే కాలం పోయింది. ఇప్పుడు భుజానికే, నాలుగైదు విడతల్లో వేస్తారు. ముందస్తు టీకా తీసుకున్నవారికి ఆ విడతలు ఇంకా తగ్గుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన సన్నాహం పిల్లవాడి మనసులో జరగాలి. తిడతారనో, సూదికి భయపడో పిల్లలు చిన్న గాటును దాచేస్తారు. "పన్ను గీసుకుంటే వెంటనే చెబుతావా?" అని అడిగాను. వాడు నా ముఖంలోకి చూసి, "చెబితే దాన్ని పంపించేస్తారా?" అన్నాడు. వాడి భయం అదన్నమాట. "పంపించము. నిన్ను తిట్టము కూడా" అని మాట ఇచ్చాను.

మీ ఇంటికి కుక్కపిల్ల వస్తుంటే, మీరూ ముందుగా ఈ మాట ఇవ్వండి. ఇచ్చాక నిలబెట్టుకోండి.

రేపు పిల్ల వస్తోంది. పెరట్లో కొళాయి పక్కన మనవడు కొత్త సబ్బు పెట్టి వచ్చాడు.