మా ఇంటి కాటుక

2019 వర్షాకాలంలో ఒక రాత్రి, సెకండు షిఫ్టు ముగించుకొని భిలాయిలోని మా క్వార్టరుకు చేరేసరికి, గేటు పక్కన వేపచెట్టు మొదట్లో పిడికెడంత పిల్లికూన తడిసి ముద్దై అరుస్తూ కనిపించింది. తల్లి జాడ లేదు. చేతిరుమాలులో చుట్టి లోపలికి తెచ్చాము. దీపం వెలుగులో చూస్తే నఖశిఖపర్యంతం నలుపు!

"నల్లపిల్లిని ఇంట్లో పెట్టుకుంటారట్రా ఎవరైనా? గడప దాటితే ఎదురొస్తుంది" అని మా అమ్మగారు కంగారుపడ్డారు.

"అమ్మ మెడలో నల్లపూసలూ నలుపే, నువ్వు కొలిచే కృష్ణుడూ నలుపే కదా నాన్నమ్మా!" అన్నాడు మా అబ్బాయి. కాటుక అని పేరు కూడా వాడే పెట్టాడు. అమ్మగారు వారం రోజులు గడువిచ్చారు.

పక్క క్వార్టరులోని బెంగాలీ గృహిణి చూసి, పిల్లలను చల్లగా కాపాడే షష్ఠీదేవికి తమ వైపు పిల్లే వాహనమని చెప్పారు. ఆ మాటతో వారం కాస్తా నెల అయింది. తరువాత గడువు ప్రసక్తే రాలేదు. పశువైద్యులు రేబిస్ టీకా వేసి, ఎదిగిన పిల్లులకు తరచు పాలు అరగవనీ, గుడ్డూ చేపా మేలనీ సలహా ఇచ్చారు. జన్మలో చేప ముట్టని అమ్మగారు, దానికోసం చేపముక్కలు ఉడికించేందుకు వేరే గిన్నె కొనిపించారు!

కాటుకతో మా దినచర్యకే కొత్త వెలుగు వచ్చింది. చలికాలపు ఎండలో పడుకుంటే దాని నలుపులో లేత గోధుమరంగు మెరుస్తుంది. చీకటిలో రెండు కళ్లు మాత్రమే నడిచి వస్తాయి. నైటు షిఫ్టు నుంచి తెల్లవారి వచ్చే మా స్కూటరు చప్పుడును వీధి మలుపులోనే గుర్తుపట్టి కిటికీ ఎక్కుతుంది. మధ్యాహ్నాలు అమ్మగారి చీరకుచ్చెళ్ల మీదే దాని నిద్ర.

2023లో మా అబ్బాయి పదవ తరగతి బోర్డు పరీక్షలకు బయలుదేరే ఉదయం, ఆశీర్వాదానికి వెతికితే నాన్నమ్మ లేదు, కాటుకా లేదు. వెనుకగది తలుపు తోశాము. అమ్మగారు మంచం మీద ముడుచుకొని కూర్చున్నారు. కొంగు కింద కాటుక.

"మేమిద్దరం ఎదురు రాకూడదు గదరా. బండి కదిలాక వస్తాంలే" అన్నారు నెమ్మదిగా.

మాకు నోట మాట రాలేదు. 2011లో నాన్నగారు పోయాక శ్రీకాకుళం నుంచి మా వద్దకు వచ్చారు. మేము డ్యూటీకి బయలుదేరే ప్రతిసారీ ఆవిడ ఆ గదిలోనే ఉండేవారు. జపం చేసుకుంటున్నారని అనుకున్నాము. పన్నెండేళ్లు ఒకే కప్పు కింద ఉండి కూడా గ్రహించలేకపోయాము. పిల్లి విషయంలో మూఢనమ్మకం తగదని వాదించిన మేము, కన్నతల్లి దాక్కుంటున్నదని చూడలేదు.

మా శ్రీమతి "రండి అత్తయ్యా" అంటూ చేయి పట్టుకొని గేటు వరకు నడిపించుకొచ్చింది. అబ్బాయి పాదాలకు నమస్కరించాడు. అంతలో కాటుక ఒక్క దూకు దూకి సరిగ్గా స్కూటరు ముందునుంచే అటు దాటింది! అమ్మగారు గుండె పట్టుకున్నారు. "శకునం బాగుంది నాన్నమ్మా" అని నవ్వుతూ బండెక్కాడు వాడు.

పరీక్ష ఎలా రాశాడంటే, చదివినవి బాగా రాశాడు, చదవనివి వదిలేశాడు. అందులో కాటుక ప్రమేయం ఏమీ లేదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని మన పెద్దలు ఊరకే అనలేదు. కర్మాగారంలో మమ్మల్ని కాపాడేవి హెల్మెట్టూ, బూట్లూ, మా జాగ్రత్తా. ఇంట్లో కాపాడేవారు ఎవరో మాకు ఆనాడు తెలిసింది.

ఇప్పుడు ఏ షిఫ్టుకు వెళ్లినా అమ్మగారు గేటు దగ్గర నిలబడతారు. ఆవిడ కాళ్ల చుట్టూ కాటుక తిరుగుతూ ఉంటుంది. వారిద్దరూ ఎదురు రానిదే మేము బండి స్టార్టు చేయము.