కళింగర చేలో నైట్ డ్యూటీ

మార్చి చివర్లో ఒక రాత్రి మామ ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగలేదు. "అల్లుడా, నీ స్నేహితుడెవరో అడవిలో కెమెరాలు కడతాడంటివి గదా! రెండు అడిగి తీసుకురా. తీగె ఏసేలోగా ఒకసారి చూద్దాం" అన్నాడు.

తీగె అంటే ఏమిటో మా వైపు పిల్లలకి కూడా తెలుసు. చేను చుట్టూ మోకాలి కిందికి గూటాలు పాతి, వాటికి ఇనుప తీగ చుట్టి, రాత్రిళ్లు మోటారు కరెంటు దానికి కలుపుతారు. అడవిపంది తగిలితే అక్కడే పడిపోతుంది. చట్టప్రకారం నేరం. అయినా వేస్తారు. పందికోసం వేసిన తీగకి ఆవులు, కుక్కలు, చివరికి వేసిన రైతే తగులుకుని పోయిన వార్తలు ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. పక్క చేను ఆయన తన దగ్గర తీగ చుట్ట ఉందని, ఊరికే ఇస్తానని మామకి చెప్పాడట. అత్త మాత్రం ఆ తీగ ఇంటికొస్తే తాను పుట్టింటికి పోతానంది. చివరికి ఇద్దరూ కుదుర్చుకున్న రాజీ ఏమిటంటే, పది రోజులు కెమెరాలు. ఆ తర్వాత మామ ఇష్టం.

కడప నుంచి సిద్ధవటం మీదుగా బద్వేలు పోయే రోడ్డులో లంకమల కొండలు చాలాదూరం మనతోపాటే వస్తాయి. దూరం నుంచి చూస్తే వట్టి రాళ్లు, ఎండిన కంప. దగ్గరికి పోతే రేగుపొదలు, తుమ్మలు, ఇంకా లోపలికి పోతే ఎర్రచందనం. మామ పొలం ఆ కంప అంచునే. రెండెకరాల కళింగర (మీరు పుచ్చకాయ అంటారేమో!), బోరు, నీళ్లతొట్టి, గట్టు మీద నాలుగు మామిడి చెట్లు. చేనుకి ఒక పక్కన చిన్న వంక. వానాకాలంలో తప్ప అందులో నీళ్లుండవు.

నేను పోయేసరికి కాయలు కోతకి ఇంకో పదిహేను రోజులున్నాయి. మామ నన్ను నేరుగా చేలోకే తీసుకుపోయాడు. పగిలిన కాయలు అక్కడక్కడా ఎర్రగా ఎండిపోతున్నాయి. "ముప్పైయారు కాయలు" అన్నాడు. రోజూ లెక్క పెడుతున్నాడన్నమాట. "పందులే. ఇంకేముంటాయి?"

కెమెరాలు కట్టడం ఏముందిలే అనుకున్నా. ఒకటి కళింగర చేను మధ్యలో గూటానికి, ఇంకోటి తొట్టి దగ్గర మామిడి చెట్టుకి కట్టేశా. మూడో రోజు కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే 1,143 ఫోటోలు. అత్త, మామ, నేను, ఎదురింటి పిల్లకాయలు నలుగురు, సినిమాకి కూచున్నట్టు కూచున్నాం. గడ్డి. మళ్లీ గడ్డి. ఊగుతున్న తీగలు. మళ్లీ గడ్డి. పిల్లకాయలు లేచిపోయారు. జంతువు ఉన్న ఫోటోలు తొమ్మిది. అందులో మూడు మామ కుక్కవి.

స్నేహితుడికి ఫోన్ చేస్తే బాగా నవ్వి, ఆనక చెప్పాడు. ఈ కెమెరా కదలికని కాదు, కదిలే వేడిని చూస్తుంది. జంతువు ఒంటి వేడికీ, వెనకున్న నేల వేడికీ తేడా తెలిస్తేనే ఫోటో తీస్తుంది. మా ఎండలు నలభై దాటేటప్పుడు నేల, రాయి, ఆకు అన్నీ ఒంటి వేడిని మించిపోతాయి. వడగాలికి ఒక ఆకు ఊగినా కెమెరా జంతువే అనుకుంటుంది. ఒక్కోసారి నిజంగా జంతువు వచ్చినా తేడా తెలియక ఊరుకుంటుంది. పైగా నేను దాన్ని పడమటి ఎండకి ఎదురుగా కట్టాను. మోకాలెత్తులో, ఉత్తరం ముఖంగా, ముందర గడ్డి లేకుండా కోసి కట్టమన్నాడు. చేను మధ్యలో కాదు, జంతువు నడిచే దారిలో కట్టమన్నాడు. ఆ దారి ఎక్కడుందో అడవి మనిషికి తెలియాలి గాని నాకేం తెలుసు? మామ వంక గట్టు వెంట ఒంగి ఒంగి నడిచి, కంప కింద నున్నగా అరిగిన ఒక సందు చూపించాడు. అరచేయి వెడల్పు కూడా లేని దారి. ఒక కెమెరా అక్కడికి మార్చాం. ఇంకోటి రెండు రాత్రులు చేలో, రెండు రాత్రులు తొట్టి దగ్గర.

ఆ తర్వాతే అసలు కథ.

మొదటి ముద్దాయి నక్క. ఒకటి కాదు, జంట. కాయకి ఒక పక్కన బెజ్జం చేసి, మూతి లోపలికి పెట్టి తినేది ఒకటి, కాపలా కాసేది ఇంకోటి. నక్కకి పుచ్చకాయంటే అంత ఇష్టమని నాకు అంతవరకూ తెలియదు. రెండోది ఏదుపంది. దాని తిండి చూడాలి! ముళ్లన్నీ వెనక్కి వాల్చుకుని, కాయని ముందుకాళ్లతో పట్టుకుని, ఉలితో చెక్కినట్టు కొరికింది. ఒక్క కాయ దగ్గరే నలభై నిమిషాలు. పక్క కాయని ముట్టుకోలేదు. అత్త ఆ ఫోటో చూసి, "ఇది మీ నాయన కంటే పద్ధతిగా తింటాంది" అని మామని దెప్పింది.

పందులు కూడా ఉన్నాయి. లేవని చెబితే అబద్ధం. అవి వచ్చింది మాత్రం రెండే రాత్రులు, అదీ వంకలోని ఆ సందు గుండానే. పెద్దది ముందు, వెనక చారల పిల్లలు ఐదు. అవి తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. వాటి రాత్రుల్లో పోయిన కాయలు పదిహేను, మిగిలిన రాత్రులన్నీ కలిపి ఏడు. మామ ఆ లెక్క క్యాలెండర్ వెనక రాసుకున్నాడు.

తొట్టి దగ్గర కెమెరా వేరే లోకం. బోరు తొట్టి పక్కన కారిన నీళ్లు చిన్న గుంటలో నిలుస్తాయి. నెమళ్లు పగలే వచ్చేవి. రాత్రి చెవులపిల్లులు, ముంగిస, పునుగుపిల్లి. ఒక ఫోటోలో పెద్ద కళ్ల పక్షి, పొడుగు కాళ్లు. నా గుండె ఒక క్షణం ఆగింది.

ఎందుకంటే ఇది కలివికోడి దేశం. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో ఇక్కడి రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాని పుణ్యమా అని 1988లో లంకమల అభయారణ్యమైంది. అది రాత్రిపూట తిరిగేది కావడంతో పరిశోధకులు కూడా తర్వాత ఈ పొదల మధ్య కెమెరాలు కట్టి, మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తుల కోసం కాచుకున్నారు. మరి నా ఫోటోలో ఉన్నది అదే అయితే? స్నేహితుడికి పంపించి గంటసేపు కాళ్లు నేలమీద ఆనకుండా తిరిగా. జవాబు రెండే ముక్కలు: "స్టోన్ కర్లూ. పడుకో." కలివికోడికి రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. దీనికి లేవు. నేను చూడాల్సింది చూడలేదు, చూడాలనుకున్నది చూశాను.

ఎనిమిదో రోజు కార్డు తీశాం. వంక సందు దగ్గర కెమెరాది. ఆ వారం కరెంటు వంతు రాత్రిపూట పడింది. రాత్రి 2 గంటల 6 నిమిషాలకి పంది, వెనక పిల్లలు. తర్వాతి ఫోటో 2 గంటల 14 నిమిషాలు. అదే చోటు. చెప్పుల్లేని రెండు కాళ్లు, పైకి కట్టిన లుంగీ, చేతిలో ఆర్పేసిన టార్చి.

"రేయ్, ఇది నేనేనా?" అన్నాడు మామ.

మోటారు వేయడానికి వంక గట్టు వెంటే పోతాడు, అది దగ్గరి దారి. టార్చి ఎందుకు ఆర్పావు అంటే, వెలుగు కనబడితే పందులు పారిపోతాయి, ఎట్లా వస్తాయో చూద్దామని అన్నాడు. వెనక్కి పోయి పాత ఫోటోలన్నీ చూశాం. ఎనిమిది రాత్రుల్లో ఆ దారిన అందరికంటే ఎక్కువసార్లు నడిచింది మామే. పదకొండుసార్లు. ఒకసారి అత్త కూడా ఉంది, చేతిలో టీ చెంబు.

తీగ ఎక్కడ వేద్దామనుకున్నావని నేను అడగలేదు. గూటాలు ఎక్కడ దిగేసి ఉన్నాయో అందరికీ తెలుసు. అత్త చెంబు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున ఆరింటికే మామ కొడవలి తీసుకుని తుమ్మకంప కొట్టడం మొదలుపెట్టాడు. వంక సందుని కంపతో బిగించి, దాని వెనక రాళ్లు పేర్చాం. అత్త పాత చీరలు నాలుగిచ్చింది, గట్టు పొడుగునా కట్టాం. గాలికి అవి ఊగుతుంటే కెమెరా మళ్లీ వందల ఫోటోలు తీసింది. పక్క చేను ఆయన వచ్చి ఫోటోలన్నీ ఓపిగ్గా చూశాడు. మామ కాళ్ల ఫోటో దగ్గర కాసేపు ఆగాడు. ఏమీ అనలేదు. ఆయన తీగ చుట్ట ఇప్పటికీ ఆయన కొట్టంలోనే ఉంది. ఈ ఏడాది వేస్తాడో లేదో నాకు తెలియదు.

ఏప్రిల్‌లో కోత అయ్యాక మామ ఫోన్ చేశాడు. కంప కట్టాక పందులు రెండుసార్లు ఇంకోవైపు నుంచి వచ్చాయట. మొత్తం మీద పోయినవి అరవై పైనే. నేను ఏదో ఓదార్పు మాట అనబోతుంటే అడ్డొచ్చాడు.

"ఆ కెమెరా ఇంకో నెల ఉంచుకోవచ్చా అని అడుగు. మామిడికాయలు రాలతాండాయి. ఏదుపంది మళ్లా వస్తాంది."