శాలిబండ నుండి తమ్మునికి

శాలిబండ,
ఆదివారము రాత్రి.

తమ్ముడూ, మామయ్యగారి కంటి శస్త్రచికిత్స నిర్విఘ్నముగా జరిగినది. కట్టు విప్పిన పిదప ఆయన మొట్టమొదట గోడమీది క్యాలెండరులో తిథివారములు చదివి, అటుపిమ్మట అత్తయ్యవైపు తిరిగి, "నీ తల యింత నెరసినదని నాకెవ్వరును చెప్పలేదే!" అనిరి. ఇల్లంతయు నవ్వినది, అత్తయ్య తప్ప.

నేను బయలుదేరిననాటి యుదయమే నీ యుత్తరము చేతికందుటచే దానిని రైలులో చదువుకొంటిని. ధవళేశ్వరమున కాలువగట్ల మరమ్మతులకు ఎస్టిమేట్లు వేయుటతోనే యౌవనమంతయు గడచిపోవుచున్నదనియు, కెమెరా చేతబట్టుదమనుకొన్నప్పుడెల్ల కొలతల ఎం.బుక్కో, పైయధికారి ఫోనో, పిల్లవాని జ్వరమో యడ్డు తగులుచున్నదనియు, కావున ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి ఛాయాగ్రహణమునకే జీవితము నర్పింప నిశ్చయించితిననియు వ్రాసితివి. ఇది ఒక్క కార్డుముక్కతో తేలునది కాదు గనుక తీరికగా వ్రాయవలెననుకొంటిని. తీరిక మాట దేవుడెరుగును! మామయ్యగారి కంటిలో రెండు గంటలకొకసారి చుక్కలమందు వేయు పని నాకప్పగింపబడినది. ఒక మందు వేసి, పది నిమిషములు తాళి, రెండవది వేయవలెను. ఆ మందునకు మందునకు నడుమ మిగిలిన కాలములోనే నేనును నా పాత కెమెరా మెడకు తగిలించుకొని వీథిలోనికి పోయివచ్చుచున్నాను.

చార్మినారు నుండి దక్షిణముగా అలియాబాదు మీదుగా ఫలక్‌నుమా వైపు పోవు బాట శాలిబండకడ మెల్లగా మిట్ట యెక్కును. ఆ మిట్టమీద రాజా రాయరాయన్ దేవిడీ నాటి గడియారస్తంభము నిలిచియున్నది. ప్రాతఃకాలపు ఎండ దాని తూర్పుముఖముపై పడు సమయమున ఒక చిత్రము తీయవలెనని నా యభిలాష. కాని ఆ ముఖమునకును నాకును నడుమ కరెంటు తీగలు, కేబులు తీగలు, వానికి చిక్కుకొని చినిగిన గాలిపటము. వీనినన్నింటిని తప్పించి యొక మూల నిలుచుందునా, స్కూటరువాడు హారను కొట్టును. అరుగెక్కుదునా, ఆ యరుగు గల దుకాణదారుడు షట్టరు తీయుటకు వచ్చును. చిట్టచివరకు చోటు కుదిరినదనుకొనునంతలో అరటిపండ్ల బండి ముసలాయన తన మనుమని నా యెదుట నిలువబెట్టి, "సాబ్, ఇస్కా భీ ఏక్ ఫోటో" అనెను. తీసితిని. గడియారమును సరిగా రాలేదు, పిల్లవాడును కన్నులు మూసికొనెను. ఇంతలో అత్తయ్య ఫోను: పాల ప్యాకెట్లు తెమ్మని.

ఇది నీకు ఓదార్పుగా వ్రాయుటలేదు సుమా. తక్కినది రెండవ యుత్తరమున.


శాలిబండ,
బుధవారము.

తమ్ముడూ,

నిన్న చౌమహల్లాకు పోయివచ్చితిని. ఇచటినుండి నడచిపోవు దూరమే. అచట నిజాముల నాటి ఛాయాచిత్రములను చూచుచుండగా నీవే జ్ఞప్తికి వచ్చితివి. ఈ నగరమున కెమెరాకు రాజసభలో ఆసనము సంపాదించి పెట్టిన రాజా దీన్‌దయాళ్ కూడ నీవలె పబ్లిక్ వర్క్సు ఉద్యోగియే, నీవలెనే ఎస్టిమేట్లు వేసినవాడే.

ఆయన 1844లో మీరట్ చేరువనున్న సర్ధానాలో ఒక జైన కుటుంబమున జన్మించి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు నేర్చి, 1866లో ఇండోరు పబ్లిక్ వర్క్సు శాఖయందు ఎస్టిమేటరుగాను డ్రాఫ్ట్స్‌మనుగాను కుదురుకొనెను. కెమెరా చేపట్టినది 1874లో, ముప్పదియేండ్ల వయస్సున. ఆ రోజులలో ఒక చిత్రము తీయవలెనన్న గాజుపలకకు కొలోడియన్ సమముగా పూసి, అది యారకమునుపే చీకటిలో వెండి నైట్రేటు ద్రావకమున ముంచి, తడి తడిగానే కెమెరాలో నమర్చి, ఆ తడి యుండగానే చిత్రము తీసి, మరల చీకటిలోనికి కొనిపోయి కడుగవలసియుండెను. మాళవదేశపు ఎండలో ఆ తడి యెంతసేపు నిలుచునో, వేసవిలో గట్టుమీద నిలిచి టేపు పట్టు నీకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంత క్లేశముతో గూడిన విద్యను ఆయన జీతము పుచ్చుకొనుచునే యలవరచుకొనెను.

ఇండోరులో హోల్కరు మహారాజును, గవర్నరు జనరలు ఏజెంటు సర్ హెన్రీ డేలీయు ఆయనను ప్రోత్సహించిరి. 1875-76లో వేల్సు యువరాజు పర్యటనకు వచ్చినప్పుడు ఆయనను ఫోటో తీయు అవకాశము దొరకెను. 1882లో, డేలీ పిదప ఏజెంటైన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండము తిరిగి, కోటలను, దేవాలయములను చిత్రించెను. అప్పుడు మన దీన్‌దయాళ్ చేసినదేమి? రాజీనామా యీయలేదు, రెండేండ్ల ఫర్లో సెలవునకు దరఖాస్తు పెట్టుకొనెను! ఆ సెలవులో తన చిత్రములను పూర్తిచేసికొని, చేతిలో పని, వెనుక పేరు, ముందు గిరాకి కనబడిన పిమ్మటనే కొలువు విడిచెను. ఆ కట్టడములపై గ్రిఫిన్ వ్రాసిన గ్రంథము ఆ చిత్రములతో 1886లో వెలువడెను. ఆ సంవత్సరమే సికిందరాబాదున స్టూడియో తెరచెను. ఆయన కథ చెప్పువారు కొలువు విడిచిన ఘట్టమును గొప్పగా చెప్పుదురు. నాకు మాత్రము ఆ సెలవు దరఖాస్తే ఘనకార్యముగా తోచుచున్నది.

మరియొక మాట. ఆయన తీసిన కట్టడములను చూడుము: స్తంభములు నిట్టనిలువుగా, కప్పులు సమమట్టముగా, మెట్లు లెక్కపెట్టుటకు వీలుగా నుండును. అది డ్రాఫ్ట్స్‌మను చూపు. ఆ కచేరీ బల్లకడ కూర్చున్న యేండ్లు వ్యర్థమైనవని యెవ్వరనగలరు?

ఇక కొలువు విడిచిన పిదప ఆయన స్వేచ్ఛాజీవి యయ్యెనందువా? ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా ఆస్థాన ఛాయాగ్రాహకుడై విందులు, కవాతులు, వేటలు, దర్బారులు, దొరల గ్రూపు ఫోటోలు, కరువుపనుల చిత్రములు, ఎవరు పిలిచిన అచటికి పెట్టెలు మోయించుకొని పోవుటయే వృత్తియయ్యెను. 1892లో అంతఃపుర స్త్రీలకై ఘోషా స్టూడియో నొకదానిని ఆంగ్లవనిత యాజమాన్యమున నెలకొల్పెను. 1894లో నిజాము 'రాజా', 'ముసవ్విర్ జంగ్' బిరుదము లిచ్చెను. 1896లో బొంబాయిలోను స్టూడియో వెలసెను. మరుసటియేట విక్టోరియా రాణి రాజముద్రగల యోగ్యతాపత్రము వచ్చెను. 1902లో వైస్రాయి కర్జను మన వరంగల్లు జిల్లా నెక్కొండ యడవిలో పులిని చంపి భార్యతో నిలిచి తీయించుకొన్న చిత్రము నీవు చూచియే యుందువు. అంతకు వందల మైళ్ళ యవతలనున్న ఏ దేవాలయద్వారమునో ఆనాడు ఆయన చిత్రింప దలచియుండవచ్చును. పులియెదుట ఆ తలపు చెల్లునా? 1905లో కాలధర్మము నొందెను. 1989లో ఆయన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. 2006లో తపాలాబిళ్ళయు వెడలినది.

సాయంకాలము ఇక్కడి సందులో ఒక పాత స్టూడియో మెట్లెక్కితిని. ముందు జిరాక్సు యంత్రము, దాని వెనుక పాస్‌పోర్టు ఫోటోలకు తెల్లని తెర, ఆ తెర వెనుక ధూళి పట్టిన రీటచింగ్ డెస్కు. యజమాని, డెబ్బది దాటినవాడు, నా కుతూహలము కనిపెట్టి ఒక పెండ్లికూతురి నెగెటివును డెస్కు అద్దముమీద పెట్టి, క్రింద బల్బు వెలిగించెను. గరుకుకాగితముపై సూదివలె సానపట్టిన పెన్సిలు ముల్లుతో చెక్కిలిమీది మొటిమమచ్చను చుక్కచుక్కగా పూడ్చు విధము చూపెను. మచ్చ యున్నచోట నెగెటివు పలుచగా నుండును గనుక అచట పెన్సిలు పులిమినచో అచ్చువేసిన కాగితమున అది మాయమగును. చేయి వణకుచుండెను, ముల్లు మొన మాత్రము వణకలేదు. "మీకిష్టమైన ఫోటోలెప్పుడు తీసినారు?" అని యడిగితిని. "ఆదివారాలు తీద్దమనుకుంటి సారూ. గా ఆదివారాలే ముహూర్తాలు పడుతుండె. పెండ్లిల్లు తీసుడే సరిపాయె," అని నవ్వెను. దుఃఖమేమియు కనబడలేదు; ఆ పెండ్లిండ్లతోనే ముగ్గురు బిడ్డలను చదివించెనట.


శాలిబండ,
శుక్రవారము.

తమ్ముడూ,

రేపు బయలుదేరుచున్నాను. మామయ్యగారు చుక్కలు తామే వేసికొనుచు, సగము చెంపమీద పోసికొనుచున్నారు. నిన్న హరిబౌలి వెళ్ళి అక్కన్నమాదన్నల మహంకాళి గుడిలో దర్శనము చేసికొంటిని. ఆషాఢమున బోనాలప్పుడు ఇక్కడినుండి ఏనుగుమీద ఘటము వెడలునట. ఆనాడు కెమెరాలే కెమెరాలట.

నీవు కోపగించుకొన్నను చెప్పుదును. ఆటంకములు పడలేక కొలువు విడిచెదవేని, అవే 'గిరాకి' యను పేర నీ యింటి తలుపు తట్టును. అప్పుడు పొమ్మనుటకు నీకు నెలజీతము కూడ నుండదు. అట్లని కొలువే శాశ్వతమనుటలేదు. మన వరంగల్లు భరత్ భూషణ్ పత్రికలలో ఛాయాగ్రాహకుడై యుండియే తెలంగాణపు బతుకమ్మలను, పల్లె వాకిళ్ళను తనివితీర చిత్రించెను. వ్యాధి పీడించుచున్నను విడువక, 2022 జనవరి చివర కన్నుమూయువరకు ఆ పనిమీదనే మనసు నిలిపెను. ఏది తీయవలెనో ఆయనకు తెలియును. నీ యుత్తరమున ఉద్యోగముపై విసుగు మూడు పుటలున్నది గాని, ఏమి తీయదలచితివో ఒక్క పంక్తియు లేదు.

నాకు తోచినది చెప్పనా? వేసవిలో కాలువలు కట్టివేసినపుడు లాకులకడ తలుపులు పైకెత్తి, లస్కర్లు అడుగున దిగి పూడిక తీయుచుందురు గదా. బయటివానికి ఆ లోపలికి ప్రవేశము లేదు, నీకు కలదు. ఆ తలుపుల తుప్పు, ఆ రాతికట్టు, ఆ మనుష్యుల ముఖములు, వీనిని ఒక వేసవి యంతయు తీసి చూడుము. సెలవు ఖాతాలో ఆర్జిత సెలవులెన్ని మిగిలియున్నవో కచేరీలో కనుగొని, మా మరదలితో మాటలాడి, ఇంటి ఖర్చు లెక్కవేసి నాకు జాబు వ్రాయుము. రాజీనామా కాగితమును మాత్రము నేను వచ్చి నీతో కూర్చుండువరకు పైయధికారి బల్లమీద పెట్టకుము.