తేలు కొండి మాటలు

తమ్ముళ్ళూ, మన హాస్టల్లో చిరిగిన స్పైడర్‌మాన్ పుస్తకం కోసం మేమంతా కొట్టుకునేవాళ్ళం. పి.జి.కి వచ్చాక ‘భీమాయన’ చదివాను. 2011లో నవయాన సంస్థ అచ్చేసిన అంబేద్కర్ గారి బొమ్మల కథ. ఇంగ్లీషే, కానీ భయపడకండి, సగం కథ బొమ్మలే చెబుతాయి. వేసింది దుర్గాబాయి, సుభాష్ వ్యామ్ అనే గోండు దంపతులు. మామూలు కామిక్స్‌లోలా వరస గళ్ళు ఉండవు. మంచి మాట పిట్ట ఆకారంలో ఉంటుంది, విషపు మాటకు తేలు కొండి ఉంటుంది.

బడిలో నీళ్ళకు నోచుకోని పిల్లవాణ్ణి చూస్తే, మా ఊరి టీ కొట్టులో నాన్న కోసం విడిగా పెట్టిన గ్లాసు గుర్తొచ్చింది. నాన్నకు చదువు రాదు. సెలవుల్లో చూపిస్తే తేలు కొండి మీద వేలు పెట్టి, "ఇదెవరన్నార్రా?" అన్నాడు. తర్వాత పేజీలన్నీ తనే తిప్పాడు.

పుస్తకం మన హాస్టల్ లైబ్రరీలో పెట్టాను. మొదట తీసినవాళ్ళు అట్ట వేయండి.