కూలి పిలుపు, దేవుని పిలుపు

మా కంబదూరు దిక్కు పిలుపు అంటే కూలి పిలుపే. పొద్దు మునిగినాక మేస్త్రీ వీధిలో నిలబడి "రేపు బుడ్డలు పీకేదానికి రండమ్మా" అని కేకేస్తే, మరుసటి రోజు ఆ ఇండ్లల్లో పొయ్యి వెలుగుతుందని అర్థం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది. అదీ అదనుకు పడదు. పిలుపు రాకపోతే బెంగళూరు బస్సెక్కాల్సిందే.

మా కతోలిక కుటుంబాల్లో ఈ మాటకు ఇంకో అర్థం ఉంది. సర్టిఫికెట్‌లో బీసీ-సి అని రాసి ఉండే ఇండ్లు మావి. కొంచెం బాగా చదివే పిల్లవాడు కనబడితే చాలు, "వీనికి దేవుని పిలుపుంది, సెమినరీకి పంపండి" అంటారు పెద్దలు. ఆడపిల్లయితే మఠానికి. ఆ గౌరవం ఊరకే రాలేదు. 2008 నుంచి 2020 దాకా మన కర్నూలు పీఠానికి మేత్రాణులుగా ఉన్న పూల ఆంటోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ స్థానానికి ఎదిగిన మొదటి వ్యక్తి ఆయనే. ఆ వార్త మా ఇండ్లల్లో పండగే అయింది. అయితే ఫాదర్లు, సిస్టర్లు కాని వాళ్ల సంగతేమిటి? నూటికి తొంభై తొమ్మిది మంది వాళ్లే కదా! చేనులో నడుం వంచే మా అమ్మలు ఆదివారం పూజలో ఉన్న గంట సేపే దేవుని మనుషులా?

ఈ ప్రశ్నకు రెండవ వాటికన్ మహాసభ ఎప్పుడో జవాబు చెప్పింది. 1965 నవంబరు 18న గృహస్థ విశ్వాసుల గురించే ప్రత్యేకంగా ఒక పత్రం వెలువరించింది. గృహస్థుల పిలుపు వాళ్ల పనిలో, సంసారంలో, ఇరుగుపొరుగులో ఉందని దాని సారాంశం. 1988లో రెండవ జాన్ పాల్ పోపు గారు గృహస్థుల కోసం రాసిన లేఖను ద్రాక్షతోట కూలీల ఉపమానంతో మొదలుపెట్టారు. ఎవరూ పనికి పిలవక సాయంత్రం దాకా అంగట్లో నిలబడిన మనుషుల కథ అది. చివరి గంటలో వచ్చినవాళ్లకు కూడా యజమాని పూర్తి కూలి ఇస్తాడు. (మా మేస్త్రీలెవరూ ఇంతవరకు ఆ పని చేయలేదు.) బెంగళూరు లేబర్ అడ్డాల మీద నిలబడినవాళ్ల పిల్లలం, ఆ కథ మాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

దీనికి పెద్ద ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. విన్సెంట్ ఫెర్రర్ గారిని జిల్లా అంతా ఫాదర్ అనే పిలిచింది. ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెస్విట్ సభ తరఫున బొంబాయి వచ్చి, మన్మాడ్ రైతుల మధ్య పనిచేశారు. 1968లో దేశం విడిచిపొమ్మన్నప్పుడు వేలాది రైతులు ఆయన కోసం కదిలారు. 1969లో తిరిగొచ్చి అనంతపురం చేరారు. 1970లో జెస్విట్ సభను వదిలి ఆన్ పెర్రీ గారిని పెళ్లి చేసుకున్నారు. అంటే 2009 జూన్ 19న కన్నుమూసేదాకా ఆయన గృహస్థుడే, బిడ్డల తండ్రే. బావులు, చెక్‌డ్యాములు, ఆడవాళ్ల పేరు మీద కాలనీ ఇండ్లు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రులు... ఫాదర్ చేసినాడని మనం చెప్పుకునే పని దాదాపు అంతా ఒక సంసారి చేసిన పని. ఆర్.డి.టి. మత సంస్థ కాదు. బత్తలపల్లిలో ఆయన అంత్యక్రియలకు అంత జనం వచ్చింది ఆయన పూజలు చెప్పినందుకు కాదు.

అంత పెద్ద మనుషుల దాకా ఎందుకు? మేము చిన్నప్పుడున్న ఒక హాస్టల్లో గుడ్డు పెట్టే రోజున లెక్క ఎప్పుడూ తగ్గేది. అక్కడి కామాటి అక్క మాత్రం చివరి వరుసలోని మూడో తరగతి పిల్లల నుంచి వడ్డన మొదలుపెట్టేది. "పెద్దోళ్లు అడిగి తింటారు నాయనా, వీళ్లకు అడిగేదానికి నోరు రాదు" అనేది. ఆమె కతోలిక కాదు, సుంకులమ్మకు మొక్కే మనిషి. మహాసభ చెప్పిన సంగతి పీజీలో చదివినప్పుడు మాకు ముందుగా ఆమే గుర్తొచ్చింది. జీతం తక్కువ, తిట్లు ఎక్కువ. అయినా గరిటె ఆమె చేతిలో ఉన్నంతసేపు న్యాయం ఉండేది.

ఇప్పుడు మన హాస్టళ్ల పిల్లలు ఒక్కొక్కరే ఉద్యోగాల్లోకి పోతున్నారు. మా విచారణకే చెందిన సీనియర్ అన్న ఒకాయన గ్రామ వ్యవసాయ సహాయకుడు. పోయిన ఖరీఫ్‌లో ఈ-క్రాప్ నమోదుకు పోతే, ఒక చేనులో విత్తింది కౌలు రైతు. భూమి ఆసామి ఉండేది టౌన్లో. పంట పోతే పరిహారం ఈ-క్రాప్‌లో పేరున్న వాళ్లకే వస్తుంది. 2019 చట్టమేమో కౌలు కార్డుకు ఆసామి సంతకం కావాలంది, ఆ ఆసామి సంతకం పెట్టలేదు. పైగా "నా పేరే రాయప్పా" అని ఫోన్ మీద ఫోన్. తర్వాత ఇంకా పెద్దవాళ్ల ఫోన్లు. బదిలీ చేయిస్తామని కూడా అన్నారు. ఇంట్లో పసిబిడ్డ, తెచ్చిన అప్పు.

అన్న రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు పొద్దున్నే చేను దగ్గరికి పోయి, విత్తిన మనిషినే గట్టు మీద నిలబెట్టి ఫోటో తీశాడు, ఆ పేరే ఎక్కించాడు. "దేవుడు చెప్పినాడా అన్నా?" అని మేము నవ్వులాటకు అడిగితే, "చేను చెప్పింది లేరా" అన్నాడు. బదిలీ కాగితం ఇంకా రాలేదు. అన్న అదే పంచాయతీలో అదే పాత బండి మీద తిరుగుతున్నాడు.