పని షరతు: ఒక నమ్మకం, ఒక పరీక్ష

"ఊరికే ఇస్తే జనం సోమరులవుతారు." ఈ మాట దేవుణ్ణి నమ్మని మిత్రుల నోట కూడా నేను చాలాసార్లు విన్నాను. తాయెత్తు మహిమకి రుజువేదని అడిగే మనం ఈ మాటకి మాత్రం ఎందుకు అడగం?

ఈ నమ్మకానికి ఒకచోట నిజంగానే పరీక్ష జరిగింది. అమెరికాలో పేదలకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమాని మెడికెయిడ్ అంటారు. ఆర్కాన్సా రాష్ట్రం 2018 జూన్‌లో దానికి పని షరతు పెట్టింది. ముందుగా 30 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకి. నెలకి 80 గంటలు పనో, చదువో, సేవో చేసినట్టు చూపించాలి. మూడు నెలలు చూపించకపోతే ఆ ఏడాది చివరిదాకా బీమా లేనట్టే. మొదట్లో ఆ లెక్క ఇంటర్నెట్‌లోనే చెప్పాలి. ఆ వెబ్‌సైటేమో రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా పనిచేసేది కాదు! పగలంతా పనిలో ఉండే మనిషి ఎప్పుడు చెప్పాలో మరి.

ఏడాది తిరక్కుండానే 18,000 మందికి పైగా బీమా పోయింది. పోనీ, పనిచేసే వాళ్ళయినా పెరిగారా? హార్వర్డ్ పరిశోధకులు షరతు లేని రాష్ట్రాలతో పోల్చి చూశారు. పెరగలేదు. బీమా లేనివాళ్ళు మాత్రం పెరిగారు. కారణం వాళ్ళ లెక్కల్లోనే ఉంది. షరతు వర్తించే వాళ్ళలో 95 శాతానికి పైగా అప్పటికే దాన్ని నెరవేరుస్తున్నవాళ్ళో, మినహాయింపు దక్కాల్సినవాళ్ళో. సుమారు మూడోవంతు మంది ఆ నిబంధన గురించి విననే లేదు. అంటే బీమా పోయింది ఎక్కువగా కాగితం దగ్గర, సోమరితనం వల్ల కాదు. 2019 మార్చిలో కోర్టు ఆ షరతుని కొట్టేసింది.

అయినా నమ్మకం చావలేదు. 2025 జులై 4న వచ్చిన చట్టం, మెడికెయిడ్‌ని విస్తరించిన రాష్ట్రాలన్నీ 19 నుంచి 64 ఏళ్ళ వాళ్ళకి ఇదే 80 గంటల షరతుని 2027 జనవరి 1 కల్లా అమలు చేయాలంటోంది. చిన్నపిల్లల తల్లిదండ్రులకీ, జబ్బుపడ్డవాళ్ళకీ మినహాయింపులున్నాయి. ఆర్కాన్సాలోనూ ఉండేవి.

"పనిచేయగలిగినవాడు పనిచేసే తీరాలి, ఫలితంతో నిమిత్తం లేదు" అని ఎవరైనా అంటే, అది నీతికి సంబంధించిన వాదన. దానిమీద వేరే చర్చ చేద్దాం. కాని "షరతు పెడితే జనం పనిలోకొస్తారు" అన్నది వాస్తవానికి సంబంధించిన మాట. దాన్ని పరీక్షించవచ్చు, పరీక్షించారు, నిలబడలేదు. చక్కెర జబ్బు మనిషికి ఇన్సులిన్ ఆపేస్తే పనికెలా వెళతాడు? సోమరి అన్న నింద వేసేవాళ్ళే రుజువు చూపించాలి, మందు కావలసినవాడు కాదు.